కెనడాలో కొత్తగా దిగారా? అక్కడి కాఫీకీ తిండికీ అలవాటు పడటం ఇలా

మన దగ్గర హోటల్లో కూర్చుని "ఒక కాఫీ" అంటే చాలు, కాఫీ వచ్చేస్తుంది. పాలెన్ని, పంచదారెంత అని ఎవరూ అడగరు. కెనడాలో కౌంటర్ దగ్గర నిలబడి "కాఫీ" అనగానే ఎదురు ప్రశ్నలు మొదలవుతాయి. ఏ సైజు? క్రీమా, పాలా? పంచదార ఎంత? ఇక్కడే తాగుతారా, తీసుకెళ్తారా? వెనకాల పదిమంది లైన్లో ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి టెన్షన్ పుట్టేది అక్కడే. నేను ఒంటారియో ప్రావిన్సుకి (మన రాష్ట్రం లాంటిది) వచ్చిన మొదటి జనవరిలో ఈ ప్రశ్నలు తప్పించుకోవడానికి వారం రోజులు బయట కాఫీ తాగడమే మానేశాను.

తర్వాత మెల్లగా అర్థమైంది. ఇక్కడ ఏం తింటామో, ఎలా తింటామో ముందు మనకి తెలిసి ఉండాలి, అది నోరు తెరిచి చెప్పాలి. చెబితే అలాగే చేసిస్తారు, చెప్పకపోతే వాళ్లకి తోచినట్టు ఇస్తారు. మొహమాటపడితే నష్టపోయేది మనమే. చదువుకోవడానికి వస్తున్న పిల్లలకీ, ఉద్యోగాలకి వస్తున్నవాళ్లకీ, ఆరు నెలలు పిల్లల దగ్గర గడుపుదామని వచ్చే అమ్మానాన్నలకీ పనికొస్తుందని నేను నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఒంటారియోవే.

1. ముందు కాఫీ చెప్పడం నేర్చుకోండి

కెనడాలో ఏ చిన్న ఊరికి వెళ్లినా దాదాపుగా కనిపించేది టిమ్ హార్టన్స్ అనే కాఫీ షాపు. టిమ్ హార్టన్ అనే ఐస్ హాకీ ఆటగాడు 1964లో ఒంటారియోలోని హామిల్టన్‌లో పెట్టిన డోనట్ల షాపు ఇంత పెద్దదైంది. ఇక్కడివాళ్లు ముద్దుగా "టిమ్స్" అంటారు.

అక్కడ మీరు చెప్పాల్సింది రెండే ముక్కలు: సైజు, ఆ తర్వాత క్రీము-పంచదార లెక్క. "మీడియం డబుల్ డబుల్" అంటే మీడియం కప్పు, రెండు పాళ్లు క్రీము, రెండు పాళ్లు పంచదార. ఈ మాట ఎంత పాతుకుపోయిందంటే 2004లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. "రెగ్యులర్" అంటే ఒకటి క్రీము, ఒకటి పంచదార. ఏమీ వద్దంటే "బ్లాక్". ఇక్కడ క్రీము అంటే 18 శాతం కొవ్వు ఉన్న చిక్కటి క్రీము. అది మీకు మొహం మొత్తేలా ఉంటే "విత్ మిల్క్" అని ముందే అనండి, పాలు పోసి ఇస్తారు.

ఫిల్టర్ కాఫీకి అలవాటు పడిన నాలుకకి ఇది పల్చగా అనిపిస్తుంది. డికాక్షన్ ఘాటు కావాలంటే "డార్క్ రోస్ట్" అడగండి. టీ తాగేవాళ్లు "స్టీప్డ్ టీ" అడగాలి. ఉత్త "టీ" అంటే వేడినీళ్లలో టీ సంచి వేసి చేతిలో పెడతారు, స్టీప్డ్ టీ అయితే ముందే మరగబెట్టి ఉంచిన టీ. అందులో కూడా డబుల్ డబుల్ చెప్పొచ్చు. అమ్మానాన్నలకి నేను ఇప్పించేది అదే.

మొదటిసారి వెళ్లే ముందు ఇంట్లోనే ఒకసారి పైకి అనుకోండి: "వన్ మీడియం స్టీప్డ్ టీ, టూ మిల్క్, వన్ షుగర్." నవ్వుకోవక్కర్లేదు, నిజంగా పనిచేస్తుంది.

ఆఫీసులో చేరిన మొదటి వారం ఒక పెట్టె టిమ్‌బిట్స్ తీసుకెళ్లండి. డోనట్ మధ్య చిల్లు సైజులో ఉండే చిన్న చిన్న ఉండలు అవి, 1976 నుంచి అమ్ముతున్నారు. పెట్టె బల్ల మీద పెడితే చాలు, మీ పేరు కూడా తెలియనివాళ్లు వచ్చి పలకరిస్తారు.

2. పాల సంచి కొయ్యండి, పెరుగు తోడెయ్యండి

ఒంటారియో, క్యుబెక్, తూర్పు తీరపు ప్రావిన్సుల్లో పాలు సంచుల్లో కూడా వస్తాయి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో మూడు చిన్న సంచులుంటాయి, ఒక్కోటి 1.33 లీటర్లు, మొత్తం 4 లీటర్లు. వాంకూవర్, కాల్గరీ వైపు దిగినవాళ్లకి ఈ సంచులు కనిపించవు, అక్కడ పెద్ద క్యాన్లే.

మన పాల ప్యాకెట్లలాగే ఉంది కదా అని కత్తిరించి గిన్నెలో ఒంపేయకండి. ఈ పాలు కాచక్కర్లేదు, పాశ్చరైజ్ చేసినవే. సంచికి సరిపోయే ప్లాస్టిక్ జగ్గు డాలర్ షాపుల్లో దొరుకుతుంది. సంచిని జగ్గులో నిలబెట్టి, జగ్గుని బల్ల మీద రెండుసార్లు తట్టండి. సంచి అడుగుదాకా దిగాలి, లేకపోతే ఒంపేటప్పుడు జారి మొత్తం బయటికొస్తుంది. తర్వాత ముందువైపు మూల కత్తెరతో కొయ్యండి, చిటికెన వేలి గోరంత కోత చాలు. ఎక్కువ కోస్తే ధార గ్లాసు దాటి పోతుంది. అటువైపు మూలన ఇంకో చిన్న గాటు పెడితే గాలి ఆడి పాలు సాఫీగా పడతాయి. వాడుకున్నాక జగ్గుతో సహా ఫ్రిజ్‌లో పెట్టేయడమే.

ఏ పాలు కొనాలి? సంచి మీద కొవ్వు శాతాలు రాసి ఉంటాయి: 3.25, 2, 1, చివరికి స్కిమ్ (వెన్న తీసేసినవి). 3.25 శాతం పాలని ఇక్కడ "హోమో మిల్క్" అంటారు, హోమోజినైజ్డ్ అన్న మాటకి పొట్టి పేరు. మన ఇళ్లల్లో గడ్డపెరుగు కావాలంటే ఇవే తీసుకోండి. స్కిమ్ పాలతో తోడేస్తే నీళ్లు తేలుతుంది.

చలికాలంలో పెరుగు తోడుకోవడం లేదని చాలామంది బాధపడతారు. పాలు గోరువెచ్చగా చేసి, రెండు చెంచాల తోడు కలిపి, మూత పెట్టి ఓవెన్‌లో పెట్టండి. ఓవెన్ వెలిగించకూడదు, లోపలి లైటు మాత్రం వెయ్యండి. పాతకాలపు బల్బు అయితే ఆ వెచ్చదనమే సరిపోతుంది, రాత్రి పెడితే పొద్దున్నకి గట్టిగా తోడుకుంటుంది. ఎల్ఈడీ లైటున్న కొత్త ఓవెన్లలో ఆ వేడి రాదు, గిన్నె చుట్టూ దళసరి తువ్వాలు చుట్టాలి. తోడుకి కొనే పెరుగు డబ్బా వెనక పదార్థాల జాబితా చూడండి. పాలు, బ్యాక్టీరియల్ కల్చర్ తప్ప ఇంకేమీ లేనిదే తెచ్చుకోండి. కొన్ని పెరుగుల్లో చిక్కదనానికి జెలటిన్ వేస్తారు.

3. లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా శాకాహారులు

జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. పెరుగులోనే కాదు, మార్ష్‌మాలోల్లో, జెల్లీ చాక్లెట్లలో కూడా ఉంటుంది. సూపులది ఇంకో సంగతి. పేరులో కూరగాయలే ఉంటాయి, లోపల చికెన్ నీళ్లు ఉంటాయి. కాబట్టి "వెజిటబుల్ సూప్" అని కనపడగానే తీసుకోకుండా "చికెన్ బ్రాత్ వేశారా?" అని అడగండి. మన దేశంలో ఉన్న పచ్చ చుక్క, గోధుమరంగు త్రిభుజం ఇక్కడ ఉండవు. డబ్బా మీద ఇంగ్లిష్, ఫ్రెంచి రెండు భాషల్లో జాబితా ఉంటుంది, ఇంగ్లిష్ కనపడకపోతే డబ్బా తిప్పండి.

పూటీన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1950ల చివర్లో క్యుబెక్ పల్లెల్లో పుట్టిన తిండి ఇది: వేడివేడి ఫ్రెంచ్ ఫ్రైస్, వాటి మీద చీజ్ కర్డ్స్ అనే తాజా చీజ్ ముక్కలు, పైన పొగలు కక్కే గ్రేవీ. తాజా చీజ్ అయితే కొరికినప్పుడు పళ్ల కింద కిచకిచమంటుంది, మంచి పూటీన్‌కి గుర్తు అదే. గడ్డకట్టే చలిలో బయట నిలబడి తింటే దాని విలువ తెలుస్తుంది. అయితే గ్రేవీ మామూలుగా గొడ్డు మాంసం లేదా చికెన్ నీళ్లతో చేసేదే. ఫ్రైస్, చీజ్ చూసి శాకాహారమే అనుకుని తిన్న మనవాళ్లు నాకు చాలామంది తెలుసు, తర్వాత తెలిసి ఎంత బాధపడ్డారో కూడా చూశాను. "వెజిటేరియన్ గ్రేవీ ఉందా?" అని ముందే అడగండి. కొన్నిచోట్ల ఉంటుంది, లేకపోతే లేదని చెబుతారు.

కెనడా గర్వంగా చెప్పుకునే ఇంకో తిండి హవాయియన్ పిజ్జా. 1962లో ఒంటారియోలోని చాతమ్‌లో సామ్ పనోపులోస్ అనే గ్రీకు వలసదారు పిజ్జా మీద అనాసముక్కలు వేసి చూశాడు, అలా పుట్టింది. మామూలుగా దాని మీద పంది మాంసం ఉంటుంది. అది తీసేసి హాలపీనో మిరపకాయలు వెయ్యమనండి, పులుపూ తీపీ కారం మన నాలుకకి బాగా కుదురుతాయి.

పిల్లలున్న ఇళ్లల్లో, హాస్టళ్లలో కనిపించే నీలం డబ్బా క్రాఫ్ట్ డిన్నర్, అందరూ పిలిచేది కేడీ. 1937 నుంచి ఉంది. మాకరోనీ ఉడికించి, నీళ్లు వంపేసి, వెన్న, పాలు, చీజ్ పొడి కలపడమే. చప్పగా ఉంటుంది. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయించి కలుపుకోండి. చిప్స్ కొనేటప్పుడు "కెచప్", "ఆల్ డ్రెస్డ్" (అన్ని రుచులూ కలిపింది) రుచులు ఒక్కసారైనా చూడండి, కెనడావాళ్లు దేశం వదిలి వెళ్తే బెంగపెట్టుకునే రుచులవి.

అన్నట్టు, పప్పు గురించి బెంగ పెట్టుకోకండి. సస్కాచవన్ ప్రావిన్సులో ఎర్ర మసూర్ పప్పు విపరీతంగా పండుతుంది, భారతదేశం కొనుక్కునే మసూర్‌లో చాలా భాగం అక్కడిదే. కనోలా నూనె కూడా ఇక్కడి శాస్త్రవేత్తలు 1970ల్లో మానిటోబా, సస్కాచవన్‌లలో తయారుచేసిన పంటదే, ఆ పేరులోనే కెనడా ఉంది. పోపుకీ అప్పడాలకీ బాగుంటుంది.

4. టిఫిన్ హోటల్లో వరస ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకోండి

శనాదివారాల్లో ఇక్కడివాళ్లు కుటుంబంతో బ్రేక్‌ఫాస్ట్ తినడానికి బయటికి వెళ్తారు. రెండు గుడ్లు, టోస్ట్, వేయించిన బంగాళాదుంప ముక్కలు, పక్కన బేకన్ లేదా సాసేజ్. ఆర్డర్ తీసుకునే అమ్మాయి గడగడా అడిగేస్తుంది. గుడ్లు ఎలా కావాలి? "సన్నీ సైడ్ అప్" అంటే తిప్పకుండా వేసింది, పచ్చసొన పైకి కనిపిస్తుంది. "ఓవర్ ఈజీ" అంటే ఒకసారి తిప్పింది, లోపల సొన ఇంకా పల్చగానే ఉంటుంది. పచ్చిసొన పడనివాళ్లు "ఓవర్ హార్డ్" లేదా "స్క్రాంబుల్డ్" అనండి. బ్రెడ్ ఏది? వైట్, బ్రౌన్, రై. బ్రౌన్ అంటే పొట్టు తీయని గోధుమపిండిది, రై అంటే ఆ పేరున్న ధాన్యంతో చేసింది, కాస్త పుల్లగా ఉంటుంది. మాంసం వద్దంటే "నో మీట్, ఎక్స్‌ట్రా టొమాటో" అనండి, టమాటా ముక్కలు పెట్టిస్తారు.

హాట్ సాస్ బల్ల మీద లేకపోతే అడగండి. మంచినీళ్లు ఊరికే ఇస్తారు, నిండా ఐసు వేసి తెస్తారు. గొంతుకి పడకపోతే "నో ఐస్" అని చెప్పండి. నగరాల్లో కుళాయి నీళ్లే తాగుతారు, సీసాలు కొనే పని లేదు.

5. బిల్లు, పన్ను, టిప్పు

మెనూలో రాసిన ధరకి పన్ను కలిపి ఉండదు. ఒంటారియోలో మామూలుగా 13 శాతం కలుస్తుంది. కిరాణా షాపులో బియ్యం, కూరగాయలు, పాలు, గుడ్లకి పన్ను లేదు, వండి అమ్మే తిండికి ఉంది. దీంట్లో ఒక తమాషా లెక్క కూడా ఉంది: డోనట్లు ఆరు కన్నా తక్కువ కొంటే పన్ను వేస్తారు, ఆరు లేదా ఎక్కువ కొంటే ఇంటికి తీసుకెళ్లే సరుకు కింద లెక్క, పన్ను ఉండదు.

కూర్చుని తినే హోటళ్లలో టిప్పు ఇవ్వడం ఆనవాయితీ, 15 నుంచి 20 శాతం. కార్డు మిషన్ మీదే అంకెలు కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ కొనుక్కున్నప్పుడు కూడా ఆ అంకెలు వస్తాయి, అక్కడ "నో టిప్" నొక్కినా ఎవరూ ఏమీ అనుకోరు. నలుగురు కలిసి వెళ్తే బిల్లు "టుగెదర్ ఆర్ సెపరేట్" అని అడుగుతారు. ఎవరిది వాళ్లు కట్టుకోవడం ఇక్కడ మామూలే, మనం కట్టేస్తామని చేతులు లాక్కునే పని లేదు.

మద్యం గురించి రెండు మాటలు. అల్బర్టా, మానిటోబా, క్యుబెక్‌లలో 18 ఏళ్లు, మిగతా చోట్ల 19 నిండాలి. సీజర్ అనే కాక్‌టెయిల్ కెనడాదే, 1969లో కాల్గరీలో వాల్టర్ చెల్ తయారుచేశాడు. టమాటా రసం అనుకుని తీసుకుంటారేమో, అందులో క్లామ్ అనే ఆల్చిప్ప జీవి రసం ఉంటుంది. శాకాహారులు గుర్తుపెట్టుకోవాలి. తాగనివాళ్లు "ఐ డోంట్ డ్రింక్" అంటే చాలు, బలవంతం చేయరు.

6. పాట్‌లక్‌కి వెళ్తున్నారా? ఆవాల సంగతి చెప్పండి

ఆఫీసుల్లో, ఇరుగుపొరుగు ఇళ్లల్లో పాట్‌లక్ అంటారు. తలా ఒక వంటకం తెచ్చి కలిసి తింటారు. నేను మొదటిసారి పులిహోర తీసుకెళ్లాను. నా పక్క సీట్లో కూర్చునే అతను పళ్లెం పట్టుకుని వచ్చి "ఇందులో మస్టర్డ్ ఉందా?" అని అడిగాడు. మస్టర్డ్ అంటే నా బుర్రలో శాండ్‌విచ్‌లో రాసే పచ్చటి పేస్టే. "లేదు" అనేశాను. అతను చెంచాతో అన్నం పళ్లెంలో వేసుకున్నాడు. అప్పుడు నా కళ్లకి కనపడ్డాయి, పచ్చటి మెతుకుల మధ్య నల్లగా మెరుస్తున్న ఆవాలు. చటుక్కున చెయ్యి అడ్డం పెట్టి "తినకండి, ఉంది" అన్నాను. అతనికి ఆవాలు పడవు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరి అందదట. ఆ సాయంత్రం ఇంటికెళ్లేదాకా నా చేతుల్లో వణుకు తగ్గలేదు.

కెనడా ప్రభుత్వం ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో ఆవాలని కూడా చేర్చింది. వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, నువ్వులు, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు కూడా అందులో ఉన్నాయి. మన పోపు డబ్బా ఒకసారి తలుచుకోండి. పులిహోరలో ఆవాలు, పల్లీలు. నువ్వుల పొడి. ఆవకాయ అంటేనే ఆవపిండి. కాబట్టి ఏది తీసుకెళ్లినా గిన్నె పక్కన చిన్న కాగితం పెట్టండి: వంటకం పేరు, అందులో ఏమేం వేశారు, కారం ఎంత. పల్లీలు, జీడిపప్పు మానేసి శనగపప్పు, మినప్పప్పు పోపుతో పులిహోర చేసినా రుచికి లోటుండదు.

బడికెళ్లే పిల్లల లంచ్ డబ్బాకీ ఇదే జాగ్రత్త. చాలా స్కూళ్లలో వేరుశనగ, గింజలు తేవద్దని నియమం ఉంటుంది. ఇడ్లీకి పల్లీ చట్నీ కాకుండా కొబ్బరి చట్నీయో, అల్లం చట్నీయో పెట్టండి. పల్లీ పొడి చల్లిన కూరలు ఇంట్లోనే ఉంచండి.

ఎవరైనా భోజనానికి పిలిస్తే చెప్పిన టైమ్‌కే వెళ్లండి. సాయంత్రం ఆరింటికి అంటే ఆరున్నరకి పళ్లెంలో తిండి ఉంటుంది. ఏం తినరో పిలిచిన రోజే చెప్పేయండి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం ఇక్కడ కూడా ఆచారమే, అక్కడ మాత్రం మనకి కొత్త ఏమీ లేదు.

7. మార్చిలో మేపుల్ తోటకి వెళ్లండి

మేపుల్ చెట్టు నుంచి కారే తీపి నీటిని మరగబెట్టి చేసే పాకమే మేపుల్ సిరప్. షాపులో సీసా మీద "ప్యూర్ మేపుల్ సిరప్" అని, పదార్థాల్లో అదొక్కటే ఉంటే అసలుది. "టేబుల్ సిరప్", "పాన్‌కేక్ సిరప్" అని ఉంటే అది పంచదార పాకానికి వాసన కలిపింది. అసలుదాంట్లో నాలుగు రంగులున్నాయి: గోల్డెన్, యాంబర్, డార్క్, వెరీ డార్క్. రంగు ముదిరేకొద్దీ రుచి ఘాటవుతుంది. నా మాట అడిగితే డార్క్ కొనండి, తాటిబెల్లం పాకాన్ని గుర్తుచేస్తుంది. అట్ల మీద పోసుకుంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పెడితే బూజు పడుతుంది.

కొనడంతో ఆగకుండా ఒకసారి తయారీ చూడండి. ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో 70 శాతం పైగా క్యుబెక్‌దే, ఒంటారియోలోనూ తోటలు చాలా ఉన్నాయి. రాత్రిళ్లు గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉండే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే చెట్టులో నీరు కదులుతుంది. కాండానికి చిన్న చిల్లు పెట్టి ఆ నీరు పడతారు. నీళ్లలాగే ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే లీలగా తీపి తగులుతుంది. 40 లీటర్ల ఆ నీరు మరిగితే ఒక లీటరు సిరప్ వస్తుంది. పెద్ద పెద్ద పళ్లేల మీద ఆవిరి లేస్తుంటే అనకాపల్లి వైపు బెల్లం బట్టీ దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది, అదే వాసన, అదే వేడి.

అక్కడ తప్పకుండా తినాల్సింది మేపుల్ టాఫీ. సిరప్‌ని ఉండపాకానికి దగ్గరగా మరిగించి, శుభ్రమైన మంచు మీద సన్నటి ధారగా పోస్తారు. పోసిన వెంటనే కర్రపుల్ల తీసుకుని ఒక కొసన అద్దండి, రెండు మూడు క్షణాలు ఆగి, మెల్లగా తిప్పుతూ చుట్టండి. తొందరపడితే తీగలు సాగి చేతికి అంటుకుంటుంది, ఆలస్యం చేస్తే మంచుకి అతుక్కుని రాదు. బయట చల్లగా, లోపల వెచ్చగా ఉన్నప్పుడే నోట్లో పెట్టుకోవాలి.

శనివారాలు జనం ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి. మంచు కరిగి తోటంతా బురదగా ఉంటుంది, అమ్మానాన్నలకి రబ్బరు బూట్లు వేయించండి. తిరిగొచ్చేటప్పుడు ఊరికి తీసుకెళ్లడానికి రేకు డబ్బా కొనుక్కోండి, గాజు సీసాలా పగలదు. విమానంలో అది చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్లు దాటిందని సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు.